కీచుమనడం తప్ప పాడటం రాని పెట్టె

పాఠకుల ప్రశ్నలు – పాత మెకానిక్ జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో నోరు జారి ఒక మాట అన్నాను: "1980ల మొదట్లో ఆఫీసుల కోసం చేసిన పీసీకి లెక్క ఒక్కటే వచ్చు. బొమ్మ అడిగితే దిక్కులు చూసేది, పాట అడిగితే కీచుమనేది" అని. ఈమధ్య దేనికీ రానన్ని ఉత్తరాలు ఆ ఒక్క మాటకి వచ్చాయి. కొందరు కుతూహలంతో అడిగారు, ఇద్దరు ముగ్గురు పోట్లాటకే దిగారు. అందుకని ఈసారి పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లనీ, ప్రింటర్ మీద అలిగినవాళ్లనీ వచ్చే నెల దాకా ఆగమని, అన్నీ ఈ ప్రశ్నలే తీసుకున్నాను.

*

ప్రశ్న: మాస్టారూ, అదే కాలంలో టీవీకి తగిలించుకునే చిన్న హోమ్ కంప్యూటర్లలో కూడా రంగులు, సంగీతం ఉండేవని చదివాను. వాటికంటే ఎంతో ఖరీదైన ఐబీఎం పీసీలో అవి ఎందుకు లేవు? అంత పెద్ద కంపెనీకి ఒక సౌండ్ చిప్ పెట్టడం చేతకాలేదా?
— ఒక డిగ్రీ విద్యార్థిని

చేతకాక కాదమ్మా, అడిగినవాళ్లు లేక.

ఐబీఎం పీసీ, మోడల్ నంబరు 5150, 1981 ఆగస్టులో వచ్చింది. ఫ్లోరిడాలోని బోకా రటాన్‌లో ఒక చిన్న బృందం ఇంచుమించు ఏడాదిలో దాన్ని తయారుచేసింది. సొంత చిప్పులు చేసుకుంటూ కూర్చునే తీరిక లేదు కాబట్టి బజార్లో దొరికే భాగాలతోనే కట్టారు. ప్రాసెసర్ ఇంటెల్ 8088, వేగం 4.77 మెగాహెర్ట్జ్. శబ్దం కోసం ఒక చిన్న స్పీకర్. దాని సంగతి తర్వాత చెబుతాను, అదొక పెద్ద కథ.

తెర కోసం రెండు రకాల కార్డులు, అంటే పెట్టె లోపల గుచ్చే బోర్డులు, అమ్మారు. మొదటిది ఎండీఏ. దాని పూర్తి పేరు చూడు: మోనోక్రోమ్ డిస్‌ప్లే అండ్ ప్రింటర్ ఎడాప్టర్. అక్షరాలు చూపించే కార్డు మీదే ప్రింటర్ తగిలించే సాకెట్ కూడా ఉంది. రెండోది రంగుల కార్డు సీజీఏ. దాని మీద ప్రింటర్ సాకెట్ లేదు. నన్నడిగితే అసలు విషయమంతా ఆ సాకెట్‌లోనే ఉంది. కొనేవాడు టైపు చేస్తాడు, ప్రింటు తీస్తాడు, ఇంటికి పోతాడు. అతనికి కావలసినవన్నీ ఒకే కార్డు మీద పెట్టారు. రంగులు కావాలన్నవాడు ప్రింటర్ కోసం ఇంకో కార్డు కొనుక్కోవాలి.

ఎండీఏలో బొమ్మ గీయడం అసలు కుదరదు. 80 అక్షరాల చొప్పున 25 వరసలు, అంతే. ఒక్కో అక్షరానికి ఒక బైట్, అది మెరవాలా, దాని కింద గీత ఉండాలా అని చెప్పడానికి ఇంకో బైట్. మొత్తం 4,000 బైట్లు, కార్డు మీద మెమరీ 4 కిలోబైట్లు. అక్షరాల ఆకారాలు 256, అవన్నీ రోమ్‌లో, అంటే చెరపడానికి వీల్లేని చిప్‌లో అచ్చుపోసినట్టు ఉండేవి. వాటిలో గీతలు, మూలలు కొన్ని ఉంటే వాటితోనే డబ్బాలు కట్టి అదే గ్రాఫిక్స్ అనుకునేవాళ్లం.

కానీ ఎండీఏకి తగిలించే ఆ ఆకుపచ్చ తెర మీద అక్షరం ఎంత నిండుగా ఉండేదో! ఒక్కో అక్షరానికి అడ్డంగా 9 చుక్కలు, నిలువుగా 14 చుక్కల చోటు ఇచ్చారు. రోజుకి ఎనిమిది గంటలు అంకెలు చూసేవాడికి అదే స్వర్గం. సీజీఏలో 8కి 8 చుక్కలే, ముతక అక్షరం. రెండూ పక్కపక్కన చూసినవాణ్ణి గనక చెబుతున్నాను, లెక్కల పనికైతే నేను కూడా ఎండీఏనే కొంటాను.

ఇక హోమ్ కంప్యూటర్ల సంగతి. 1982లో వచ్చిన కమోడోర్ 64 తీసుకో. దాని ప్రాసెసర్ ఒక మెగాహెర్ట్జ్ అటూ ఇటూ నడిచే చిన్న ప్రాణి. కానీ పక్కన ఇద్దరు సాయం ఉన్నారు. బొమ్మల చిప్ తెర మీద ఎనిమిది చిన్న ఆకారాలని వెనక దృశ్యం చెరిగిపోకుండా అటూ ఇటూ కదిపేది. సిడ్ అనే సౌండ్ చిప్ ఒకేసారి మూడు స్వరాలు పలికేది. ప్రాసెసర్ "నువ్వు ఇక్కడికి జరుగు, నువ్వు ఈ స్వరం అందుకో" అని చెప్పి తన పని తను చూసుకునేది. ఐబీఎం పీసీలో ఇల్లు ఊడ్చేదీ 8088నే, తలుపు తీసేదీ 8088నే, ఫోనెత్తేదీ 8088నే. పేరుకి పెద్ద ఉద్యోగి, కింద ఒక్క మనిషి లేడు.

*

ప్రశ్న: నేను ప్రోగ్రామర్‌నండీ. సీజీఏ బొమ్మలు చూసినప్పుడల్లా ఒకటే అనుమానం. ఆ లేత నీలం, ఆ వంకాయ గులాబీ, తెలుపు, నలుపు... ప్రపంచంలో ఇన్ని రంగులుండగా ఆ నాలుగూ ఎవరు ఎంచారు?
— కంటికి నొప్పి కలిగిన పాఠకుడు

ఎవరూ ఎంచలేదు బాబూ, తీగలు ఎంచాయి.

ముందు నాలుగే ఎందుకో చూద్దాం. సీజీఏ కార్డు మీద మెమరీ 16 కిలోబైట్లు. తెర మీద అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు, అంటే 64,000. ఒక్కో చుక్కకి రెండు బిట్లు (బిట్ అంటే ఒక సున్నా లేదా ఒకటి, ఎనిమిది కలిస్తే ఒక బైట్) ఇస్తే సరిగ్గా 16,000 బైట్లు. ఇంక ఒక్క బిట్ పెంచినా మెమరీ చాలదు. రెండు బిట్లతో నాలుగు రంగులే చెప్పగలం. అడ్డంగా 640 చుక్కలు కావాలంటే చుక్కకి ఒక్క బిట్టే మిగులుతుంది, రెండు రంగులతో సరిపెట్టుకోవాలి.

ఇప్పుడు ఆ నాలుగు ఏవో చూడండి. మానిటర్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు తీగలు, వెలుగు పెంచడానికి నాలుగోది. చుక్కకున్న రెండు బిట్లలో ఒకదాన్ని ఆకుపచ్చ తీగకి, రెండోదాన్ని ఎరుపు తీగకి కలిపేశారు. నీలం తీగ ఏ చుక్క చేతిలోనూ లేదు. మొత్తం తెరకి ఒకటే స్విచ్, వేస్తే అన్ని చుక్కలకీ వేసినట్టు, తీస్తే అన్నిటికీ తీసినట్టు. నీలం తీసేస్తే ఆకుపచ్చ, ఎరుపు, రెండూ కలిసిన పసుపు. వేస్తే ఆకుపచ్చ కాస్తా లేత నీలం అవుతుంది, ఎరుపు మీరన్న వంకాయ గులాబీ అవుతుంది, మూడూ కలిస్తే తెలుపు. రెండు బిట్లూ సున్నా అయిన చుక్కకి మాత్రం పదహారు రంగుల్లో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు, ఎక్కువమంది నలుపు ఉంచేవాళ్లు. అదీ సంగతి. చిత్రకారుడు లేని ఇంట్లో వైర్‌మన్ గోడలకి రంగులు నిర్ణయించాడు.

ఆ పసుపు మీద ఒక పిట్టకథ. వెలుగు తగ్గించిన పసుపు తెర మీద ఆకుపచ్చ కలిసిన మురికి రంగులా కనిపిస్తుంది. 1983లో ఐబీఎం తెచ్చిన 5153 రంగుల మానిటర్‌లో ఈ ఒక్క రంగు వచ్చినప్పుడు మాత్రం ఆకుపచ్చని తగ్గించే చిన్న సర్క్యూట్ పెట్టి, దాన్ని మట్టి రంగుగా మార్చారు. ఒక్క రంగు కోసం! కార్డు చేసినవాళ్లకి లేని కళాదృష్టి మానిటర్ చేసినవాళ్లకి ఉందన్నమాట.

రంగులైనా పోనీ, వేగం? అక్కడ నాకు మరీ కోపం. మీరు ప్రోగ్రామర్ కాబట్టి లెక్క చెబుతాను. మెమరీలో సిద్ధంగా ఉన్న ఒక పూర్తి బొమ్మని సీజీఏ మెమరీలోకి ఊరికే కాపీ చేయాలి, అంతే అనుకోండి. 8088కి అతి వేగమైన కాపీ ఆదేశంతో రెండు బైట్లకి 25 క్లాక్ టిక్కులు, అంటే ప్రాసెసర్ గుండె దెబ్బలు, పడతాయి. 16,000 బైట్లకి 2 లక్షల టిక్కులు. 4.77 మెగాహెర్ట్జ్ దగ్గర అది 42 మిల్లీసెకన్లు. అది కూడా పుస్తకం లెక్క, కార్డు మధ్యలో "ఆగు, ఆగు" అని ఆపడం వల్ల నిజంలో ఇంకా ఎక్కువే పట్టేది. తెర మాత్రం సెకనుకి 60 సార్లు, అంటే దాదాపు 17 మిల్లీసెకన్లకోసారి, తనని తాను మళ్లీ గీసుకుంటుంది. మీ బొమ్మ పూర్తిగా మారేలోపే తెర రెండుసార్లు గీసేసుకుని పోతుంది. అది చాలదన్నట్టు సరి గీతలు మెమరీలో ఒక చోట, బేసి గీతలు 8 కిలోబైట్ల అవతల. బద్ధకంగా కాపీ చేస్తే ముందు ఒక గీత విడిచి ఒక గీత దిగి, తర్వాత మిగతావి వచ్చి సందులు పూడ్చేవి.

అక్షరాల మోడ్‌లో ఇంకో తమాషా. 80 అక్షరాల వరస చూపిస్తున్నప్పుడు కార్డూ, ప్రాసెసరూ ఒకే మెమరీ కోసం ఒకేసారి చెయ్యి చాపితే ప్రాసెసర్ గెలిచేది. ఆ క్షణానికి కార్డుకి చేతికేది తగిలితే అదే తెర మీద వెలిగేది. తెరంతా తెల్లటి తుంపరలు. దానికి "స్నో" అని పేరు. కొత్తగా ప్రోగ్రాములు రాసే రోజుల్లో తుంపర చూసి మానిటర్ పాడైందని రెండుసార్లు విప్పాను. తర్వాత తెలిసింది, తెర గీసే కిరణం ఒక గీత ముగించి వెనక్కి వచ్చే ఆ రవ్వంత సేపట్లోనే రాయాలని. అలా రాస్తే తుంపర పోయేది, దాంతోపాటు వేగం కూడా పోయేది.

*

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన అకౌంటెంట్‌ని. మా ఆఫీసులో ఒకే పీసీకి రెండు మానిటర్లు ఉండేవి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి రంగులది. రంగులదాన్ని మా ఆఫీసర్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఎందుకు రెండు?
— ముట్టుకోనివాడు

మీ ఆఫీసర్ లోటస్ 1-2-3 వాడి ఉంటారండీ. 1983లో వచ్చిన ఆ ప్రోగ్రాము వ్యాపారాల్లో పీసీని నిలబెట్టింది. అందులో అంకెల పట్టిక ఉండేది, ఆ అంకెలకే గ్రాఫ్ కూడా వేసేది. పట్టికకేమో ఎండీఏ బాగుంటుంది, గ్రాఫ్ దాని మీద రాదు. గ్రాఫ్ సీజీఏలో వస్తుంది, అందులో అంకెలు ముతక. అదృష్టం ఏమిటంటే ఆ రెండు కార్డుల మెమరీ చిరునామాలు వేరువేరు, ఒకే పెట్టెలో రెండూ కాపురం చేయగలవు. అందుకే రెండు తెరలు. ఒక పెట్టెకి రెండు మానిటర్లు ఇప్పటివాళ్ల దర్జా అనుకుంటారు గానీ, మన ఇబ్బందిలోంచి పుట్టింది ఆ అలవాటు.

ఈ చిక్కు విప్పినవాడి కథ నాకు చాలా ఇష్టం. వాన్ సువన్నుకుల్ అనే థాయ్ విద్యార్థికి తన పరిశోధన పత్రం థాయ్ అక్షరాల్లో రాసుకోవాలనిపించింది. ఎండీఏలోని ఆ 256 ఆకారాల్లో థాయ్ లిపికి చోటెక్కడిది? (మన గుణింతాలకీ, వత్తులకీ కూడా లేదు లెండి.) దాంతో ప్రతి చుక్కనీ విడిగా వెలిగించగల కార్డు తనే తయారుచేసుకున్నాడు. అదే 1982లో వచ్చిన హెర్క్యులిస్ కార్డు. అడ్డంగా 720, నిలువుగా 348 చుక్కలు. అదే ఆకుపచ్చ మానిటర్, అవే నిండైన అక్షరాలు, పైగా గ్రాఫ్ కూడా. ప్రింటర్ సాకెట్ కూడా వదల్లేదు! లోటస్ 1-2-3 దాన్ని గుర్తించాక ఆఫీసుల్లో రెండో మానిటర్ పని అయిపోయింది. మీ ఆఫీసర్‌గారికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

*

ప్రశ్న: ఐబీఎం తర్వాతైనా బుద్ధి తెచ్చుకుందా?
— పేరు రాయలేదు

1984లో ఇళ్ల కోసం పీసీ జూనియర్ అమ్మింది. 320కి 200 చుక్కల్లో పదహారు రంగులు, మూడు స్వరాల సౌండ్ చిప్, రెండూ ఉన్నాయి. కీబోర్డు మాత్రం చూయింగ్ గమ్ బిళ్లలు అతికించినట్టు ఉండేది. 1985లోనే తయారీ ఆపేశారు. అదే రంగుల పద్ధతినీ, శబ్దం పద్ధతినీ ఎత్తుకుని ట్యాండీ అనే వేరే కంపెనీ పీసీ, ట్యాండీ 1000, వచ్చి చక్కగా అమ్ముడుపోయింది. ఒకరు నాటిన చెట్టు, ఇంకొకరు కోసుకున్న కాయలు.

*

ప్రశ్న: మాస్టారూ, లోపలి స్పీకర్ కథ తర్వాత చెబుతానని మీరెప్పుడూ తప్పించుకుంటారు. ఈసారి వదలను. ఆ ఒక్క కీచు శబ్దంతో కొందరు పాటలు, మాటలు కూడా వినిపించారట, నిజమేనా?
— పాత ఆటల పిచ్చి ఉన్నవాడు

నిజమే. నేను విన్నాను, వినిపించాను కూడా.

ఆ స్పీకర్‌కి తెలిసినవి రెండే: ముందుకి, వెనక్కి. మధ్య స్థితి లేదు. అంటే వాల్యూమ్ అనేదే లేదు. పెంచడానికి లేదు, తగ్గించడానికి లేదు, బయట తిప్పే నాబ్ లేదు. లోపల ఒక టైమర్ చిప్, 8253. అది సెకనుకి 11,93,182 సార్లు లెక్కపెడుతుంది. ఈ వింత అంకె ఎక్కడిదంటే, బోర్డు మీద 14.318 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఒక్కటే ఉంది. అమెరికన్ టీవీ రంగు సంకేతానికి సరిగ్గా నాలుగు రెట్లు అది. సీజీఏని టీవీకి కూడా తగిలించుకునేలా ఉండాలి కాబట్టి ఆ స్ఫటికం పెట్టారు. దాన్ని 3తో భాగిస్తే ప్రాసెసర్ వేగం 4.77, 12తో భాగిస్తే ఈ టైమర్. టీవీని దృష్టిలో పెట్టుకుని గుండె చప్పుడు ఖరారు చేసిన యంత్రం చివరికి ఆకుపచ్చ తెరల ఆఫీసుల్లో బతికింది!

టైమర్‌కి 2,712 అని ఇస్తే అన్ని లెక్కలకోసారి ఒక ఆవర్తనం పూర్తవుతుంది, అంటే సెకనుకి 440 సార్లు. ఒక స్వరం వచ్చినట్టే. ఒక్క స్వరమే. రెండు స్వరాలు కలిపి కావాలంటే? కళ్లు గప్పినట్టు చెవులు గప్పాలి. మూడు స్వరాల్ని వంతులవారీగా చాలా వేగంగా మార్చి మార్చి వాయిస్తే చెవి వాటిని కలిపి వింటుంది. ఆ గలగల శబ్దం తెలిసినవాళ్లకి ఇప్పటికీ చెవుల్లో మోగుతూనే ఉంటుంది.

ఇంక మాటలు. స్పీకర్ పొర బరువైనది, లాగిన వెంటనే పరిగెత్తదు. దాన్ని చాలా తక్కువ సేపు ముందుకు తోసి వదిలేస్తే కొంచెమే కదులుతుంది, ఎక్కువ సేపు తోస్తే ఎక్కువ కదులుతుంది. అంటే లేని మధ్య స్థితులు సృష్టించుకోవచ్చు. టైమర్ లెక్కల్ని 64 చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఎన్ని లెక్కలసేపు తోయాలో మార్చుకుంటూ పోతే 64 స్థాయిలు వస్తాయి. అలా సెకనుకి దాదాపు 18,600 నమూనాలు, అంటే శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలు. అద్భుతమే, కానీ ఖర్చు చూడండి. ఒక్కో నమూనాకి 8088 చేతిలో ఉన్నవి 256 క్లాక్ టిక్కులు. ఆ కాస్త సేపట్లో నమూనా తీసుకోవాలి, టైమర్‌కి అందించాలి, మళ్లీ సిద్ధమవ్వాలి. ఇక వేరే పని పెట్టుకునే ధైర్యం ఎవరికి ఉంటుంది? అందుకే చాలా ఆటల్లో మనిషి మాట్లాడేటప్పుడు బొమ్మ కదలదు, బొమ్మ కదిలేటప్పుడు మనిషి మాట్లాడడు.

ఆఫీసుల్లో ఈ స్పీకర్‌కి జరిగిన మర్యాద వేరు. ఒక చోట పన్నెండు పీసీలు వరసగా పెట్టి డేటా ఎంట్రీ చేయించేవారు. తప్పు అంకె కొడితే కీచుమని అరిచేది. ఎవరు ఎన్ని తప్పులు కొట్టారో గది మొత్తానికి తెలిసిపోయేది. పాపం ఒకమ్మాయి ఏడ్చేసింది కూడా. వాళ్ల మేనేజర్ నన్ను పిలిచి "ఆ గొంతులు నొక్కెయ్యండి" అన్నారు. పన్నెండు మూతలు విప్పి పన్నెండు స్పీకర్ల తీగలు పీకాను. మల్టీమీడియా లేదని ఇప్పుడు మనం బాధపడుతున్నాం గానీ, ఉన్న ఆ కాస్తా వద్దని డబ్బులిచ్చి తీయించుకున్నవాళ్లు ఉన్నారు.

ఆర్నెల్ల తర్వాత వాటిలో ఒకటి తెర నల్లగా పెట్టి కూర్చుంది. మానిటర్ మార్చాను. కరెంటు పెట్టె మార్చాను. మెమరీ చిప్పులు ఒక్కొక్కటీ పీకి పెట్టాను. సాయంత్రానికి చూస్తే డిస్‌ప్లే కార్డు స్లాట్‌లోంచి ఒక వైపు కాస్త లేచి ఉంది. పీసీ స్విచ్ వేయగానే తనని తాను పరీక్షించుకుని, డిస్‌ప్లేలో తేడా ఉంటే ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వేస్తుంది. అది పొద్దుటి నుంచీ చెప్పడానికి ప్రయత్నిస్తూనే ఉంది, దాని గొంతు నేనే కోశాను. ఆ రోజు కూలి అడగలేదు.

*

ప్రశ్న: సార్, మీరు పీసీని మరీ తీసిపారేస్తున్నారు. నా దగ్గర సౌండ్ బ్లాస్టర్ అనే సౌండ్ కార్డు ఉండేది, సినిమా హాల్లా మోగేది. ఈ చరిత్రంతా ఎందుకు దాస్తున్నారు?
— కోపంగా ఉన్న చందాదారుడు

దాచలేదండీ, సంవత్సరాలు చెబుతాను, మీరే లెక్కేసుకోండి. పీసీ 1981. సౌండ్ బ్లాస్టర్ 1989. మధ్యలో ఎనిమిదేళ్లు. ఈలోగా 1985లో వచ్చిన అమీగా అనే కంప్యూటర్‌లో నాలుగు చానెళ్ల శబ్దం, 4,096 రంగులు, బొమ్మల ముక్కల్ని ప్రాసెసర్ చెయ్యి తగలకుండా జరిపే ప్రత్యేక హార్డ్‌వేర్ అన్నీ బోర్డు మీదే ఉన్నాయి. పీసీవాళ్లం వాటిని చూసి "అది ఆటబొమ్మ" అని మూతి తిప్పేవాళ్లం. నేను కూడా తిప్పాను.

మన పెట్టెకి ఆ భాగ్యం ఎప్పుడూ బయటివాళ్ల చేతి చలవే. కెనడాలోని క్యుబెక్‌లో సంగీతం పాఠాలు చెప్పిన మార్టిన్ ప్రెవెల్ కంపెనీ 1987లో యాడ్‌లిబ్ కార్డు తెచ్చింది. అందులో యమహా చిప్, తొమ్మిది స్వరాలు. స్వరాలే గానీ రికార్డు చేసిన గొంతు వినిపించే దారి లేదు. సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ కంపెనీ అదే యమహా చిప్ పెట్టి, దానికి రికార్డు చేసిన శబ్దం వినిపించే భాగం, మైకు సాకెట్, జాయ్‌స్టిక్ సాకెట్ కూడా కలిపి సౌండ్ బ్లాస్టర్ చేసింది. యాడ్‌లిబ్ కోసం రాసిన ప్రోగ్రాములన్నీ దాని మీద నడిచేవి. ఇక యాడ్‌లిబ్ కొనేవాడెవడు? అన్నిటికన్నా నాకు నచ్చింది ఇది: శబ్దం నమూనాలు మెమరీలోంచి కార్డుకి డీఎంఏ అనే దారిలో వాటంతటవే వెళ్లేవి. ఇంతకుముందు చెప్పానే, ఆ 256 టిక్కుల బాధ ప్రాసెసర్‌కి తప్పింది. ఎట్టకేలకి పెద్ద ఉద్యోగికి ఒక సహాయకుడు దొరికాడు.

కానీ మీ కార్డు పెట్టిన రోజు ఎంత టెన్షన్ పడ్డారో గుర్తుందా? మొదటి సౌండ్ బ్లాస్టర్లు ఫ్యాక్టరీ నుంచి ఐఆర్‌క్యూ 7 మీద వచ్చేవి. అంటే కార్డు ప్రాసెసర్ తలుపు తట్టడానికి ఏడో నంబరు గంట. ఆ గంట పేరుకి ఎవరిదో తెలుసా? ప్రింటర్‌ది! అప్పటి పీసీలని నడిపిన డాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో చాలా ప్రోగ్రాములు ప్రింటర్ కోసం ఆ గంట వాడేవి కావు కాబట్టి చాలామందికి గొడవ రాలేదు. ఒక శిక్షణ సంస్థలో మాత్రం వచ్చింది. పాఠం చెప్పే గొంతు మొదటి ముక్క పలికి ఆగిపోయేది. కార్డు చెడిపోయిందని తిప్పి పంపబోతున్నారు. చూస్తే ప్రింటర్ పోర్టు ఉన్న కార్డు మీద ఏడో నంబరు జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న మూత) పెట్టి ఉంది. సౌండ్ కార్డు జంపర్ ఐదుకి మార్చి, డాస్‌కి చెప్పే వరసలో 7 బదులు 5 రాశాను. గొంతు పూర్తిగా వచ్చింది. పదేళ్ల ముందు ఆఫీసువాళ్లు ప్రింటర్‌కి వేసిన కుర్చీలో పాటగాడు కూర్చోబోయి వచ్చిన తగువు అది.

ప్రింటర్ అంటే గుర్తొచ్చింది, సౌండ్ కార్డు కొనే స్తోమత లేని రోజుల్లో ఆ ప్రింటర్ సాకెట్‌నే పాడించాం. అందులో రెండో పిన్ను నుంచి తొమ్మిదో పిన్ను దాకా ఎనిమిది డేటా తీగలు. వాటికి 10 కిలోఓమ్‌లు, 20 కిలోఓమ్‌ల రెసిస్టర్లు నిచ్చెన మెట్లలా కలిపి, కొసన వచ్చే తీగని రేడియో యాంప్లిఫయర్‌కి ఇస్తే చాలు. ఎనిమిది బిట్లు 256 స్థాయిలుగా మారి బయటికి వస్తాయి. నేను కట్టినది పాత ప్రింటర్ ప్లగ్గు మూతలోనే ఇమిడిపోయింది. లెక్కల కోసం పెట్టిన సాకెట్‌లోంచి మనిషి గొంతు వినిపించిన రోజు నిద్రపట్టలేదు.

*

ప్రశ్న: 1990ల్లో "మల్టీమీడియా పీసీ" అన్న ముద్రతో కంప్యూటర్లు వచ్చేవి కదండీ. అప్పటికి అన్నీ ఉన్నాయిగా, మరి వీడియో పోస్టల్ స్టాంపంతే ఎందుకు కనిపించేది?
— ఒక గృహిణి

లెక్క చేస్తే మీకే తెలుస్తుంది. 1987లో వచ్చిన వీజీఏ అనే తెర పద్ధతి 320కి 200 చుక్కల్లో 256 రంగులు చూపిస్తుంది, చుక్కకి ఒక బైట్. ఒక బొమ్మ 64,000 బైట్లు. సెకనుకి 15 బొమ్మలు కావాలంటే 9,60,000 బైట్లు. ఆ ముద్ర కోసం 1991లో పెట్టిన నిబంధనల ప్రకారం సీడీ డ్రైవ్ సెకనుకి 150 కిలోబైట్లు ఇస్తే చాలు. కావలసినదానిలో ఆరో వంతు! అందుకని బొమ్మని 160కి 120 చుక్కలకి కుదించి, ఆపైన దాన్ని ఇంకా నొక్కి పంపేవారు. ఆ నిబంధనల్లో నాకు నవ్వొచ్చే షరతు ఒకటుంది: సీడీ అలా చదువుతున్నప్పుడు ప్రాసెసర్ సమయంలో 40 శాతానికి మించి తినకూడదట. అంటే దాదాపు సగం జీతం తినేసినా పనివాడు మంచివాడే అన్నమాట.

సీడీయే ఎందుకు అనకండి. పాత 360 కిలోబైట్ల ఫ్లాపీలో, సెకనుకి 22,050 బైట్ల మామూలు శబ్దం పదహారు సెకన్లు పడుతుంది. ఒక పల్లవి కూడా పూర్తి కాదు.

*

ప్రశ్న: మాస్టారూ, మామగారి అటక మీద అప్పటి పీసీ ఒకటి దొరికింది. దుమ్ము దులిపి, లోపల చూపించి, కరెంటు ఇప్పించాం. తెర మీద అన్నీ చక్కగా వస్తున్నాయి, కానీ స్విచ్ వేసినప్పుడు రావలసిన బీప్ రావడం లేదు. స్పీకర్ కాలిపోయిందంటారా?
— ఉత్సాహంగా ఉన్న అల్లుడు

ఆ స్పీకర్లు అంత తొందరగా కాలవు బాబూ. మూత తీసి మదర్‌బోర్డు మీద స్పీకర్ కనెక్టర్ చూడండి. నాలుగు పిన్నులుంటాయి, తీగలు మాత్రం రెండే. అది ఖాళీగా ఉంటే సమస్య దొరికినట్టే. ఆ యంత్రం ఇంటికి రాకముందు ఏదైనా ఆఫీసులో పనిచేసిందేమో మామగారిని అడగండి. నాలాంటివాడెవడో పీకేసి, తీగ కొసకి నల్ల టేపు చుట్టి, డ్రైవ్ పక్క సందులోకి దూర్చి ఉంటాడు. వేళ్లు పెట్టి వెతకండి, తగులుతుంది.